బూరె చేపకు ఎంత లోతు

నా చిన్నప్పుడు మణుగూరు బొగ్గు గనుల కాలనీలో, మా క్వార్టర్ పెరట్లో ఒక చేపల తొట్టి ఉండేది. తొట్టి అంటే గాజుది అనుకునేరు. బావిలోకి దించే సిమెంటు వరలు మూడు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అడుగున సిమెంటు పోసి మా నాయన స్వయంగా కట్టిన తొట్టి అది. నేను మునివేళ్ళ మీద నిలబడి అంచుకు గడ్డం ఆనిస్తే తప్ప లోపలి నీళ్ళు కనిపించేవి కావు. కాలనీ మొత్తంలో అలాంటిది మాకే ఉందని నాకు చెప్పలేనంత పొగరు. ఆ పొగరు పూర్తిగా దిగిపోయి, మళ్ళీ రెట్టింపై తిరిగి వచ్చిన వారం సంగతి చెబుతాను.

మా నాయనకు కన్ను మసకగా ఉంటే హైదరాబాదు దవాఖానాకు వెళ్ళాడు. వస్తూ వస్తూ నా కోసం పాలిథీన్ సంచిలో రెండు బంగారు చేపలు తెచ్చాడు. కొత్తగూడెం దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో, ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు. అవి మా గోదావరి చేపల్లా సన్నగా, చురుగ్గా ఉండేవి కావు. గుండ్రటి పొట్ట, పొట్టి ఒళ్ళు, వెనక రెండు తోకలు కుచ్చిళ్ళలా పరుచుకుని ఉండేవి. నేను ఒకదానికి బూరె అనీ, రెండో దానికి గారె అనీ పేర్లు పెట్టాను. మా అమ్మ నవ్వి, పండగ పూట పొయ్యి మీద పెట్టకుండా చూసుకో అంది.

తొట్టి లోతు విషయంలో మా నాయనకు తనదైన లెక్క ఉంది. ఆయన గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. మణుగూరు ఎండలు తెలిసినవాళ్ళకు చెప్పక్కరలేదు, చైత్రం రాకముందే రాళ్ళు కాలుతాయి. ఆయనకు మాత్రం షిఫ్టులో భూమి లోపలికి దిగితే పైన ఉన్న ఎండ సంగతే గుర్తుండేది కాదట. అందుకే, "మనం కిందికి దిగితే సల్లగుంటలేదా? చేపకూ గంతే. ఎంత లోతైతే అంత సుఖం," అని తేల్చేసి మూడు వరలూ నింపించాడు. కాలనీలో అందరూ గని మనుషులే కదా, ఆ మాట అందరికీ సబబుగానే తోచింది.

నేను మరమరాలు నలిపి నీళ్ళ మీద చల్లేదాన్ని. అవి పైన తేలేవి. కింద నుంచి బూరె, గారె తోకలు ఊపుకుంటూ బయలుదేరేవి. సగం దాకా వచ్చి ఆగిపోయేవి. ఇంకాస్త ఎగబాకి, ఒక్క పలుకు నోట పట్టుకుని, రాయిలా కిందికి జారిపోయేవి. తరువాత ఎంత పిలిచినా కదిలేవి కావు. పక్క క్వార్టర్ పెద్దమ్మ వచ్చి చూసి, పట్నం చేపలు గదా, బద్ధకం ఎక్కువ అంది. ఆ మాట పట్టుకుని పిల్లలందరూ వాటిని బద్ధకం చేపలని పిలవడం మొదలుపెట్టారు. నాకూ లోలోపల అదే నిజమేమో అనిపించేది. ఒక రోజు పొద్దున చూస్తే గారె వెల్లకిలా తేలుతోంది.

నా ఏడుపు చూడలేక మా నాయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆదివారం ఆయన స్నేహితులంతా లారీలో గోదావరికి పోయి స్నానాలు చేసి, అక్కడే వండుకు తిని వస్తారు. ఆ లారీలో బూరెను తీసుకుపోయి నదిలో వదిలేస్తానన్నాడు. కళ్ళ ముందు చచ్చిపోవడం కంటే అదే నయమని ఆయన ఉద్దేశం. గోదావరిలో ఎలాంటి చేపలుంటాయో సంతలో చూసినదాన్ని నేను. నా బూరె వాటికి ఒక్క గుటక. కానీ మా నాయన ఒక మాట అన్నాక దాన్ని తిప్పడం మా వాళ్ళలో ఒక్కరికే చేతనయ్యేది. ఆ ఒక్కరు మా మేనత్త.

మేనత్త మా నాయనకు అక్క. ఏన్కూరు దగ్గర పల్లెలో వ్యవసాయం. అప్పుడప్పుడు ఎండు మిరపకాయల సంచితో దిగేది, ఆమె వచ్చిందంటే క్వార్టర్ అంతా తుమ్ములే. ఆ వారం కూడా అలాగే తుమ్ములతో దిగింది. నేను ఏడుస్తూ సంగతి చెబితే ఓదార్చలేదు. పీట వేసుకుని తొట్టి పక్కన కూర్చుని, ఆ చేప ఎక్కడం, ఆగడం, జారిపోవడం చాలాసేపు చూసింది. బంగారు చేపను ఆమె అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. అయినా లేస్తూ లేస్తూ, "పాపం, నిండు సూలాలి లెక్కనే ఉన్నది గదనే," అని మాత్రం గొణుక్కుంది.

మధ్యాహ్నం అన్నం వేళకు ఒక వింత చేసింది. నా కంచంలో నాకిష్టమైన పప్పు, వడియాలు పెట్టి, గోడకు నిచ్చెన ఆనించి, ఆ కంచాన్ని అటక మీద పెట్టింది. నిచ్చెన ఎక్కి ఒక్క ముద్ద తిని, కిందికి దిగి నేల ముట్టుకుని, మళ్ళీ ఎక్కి ఇంకో ముద్ద తినాలి. అదీ ఆట. నాకు భలే సరదా వేసింది. కోతిలా ఎక్కాను, దిగాను, ఎక్కాను. అమ్మ లోపలి నుంచి, పిల్ల పడుతుంది వదినా అని అరుస్తున్నా మేనత్త నిచ్చెన గట్టిగా పట్టుకుని నిలబడిందే గానీ ఆట ఆపలేదు. కాసేపటికి నాకు పిక్కలు లాగడం మొదలైంది. ఇంకాసేపటికి ఆకలి ఉన్నా ఎక్కబుద్ధి కాలేదు. నిచ్చెన మొదట్లో చతికిలబడ్డాను.

"ఏందే కోడలుపిల్లా, అంత బద్ధకమా?" అంది మేనత్త.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకేం బద్ధకం లేదు! కంచం గంత మీద పెడితే ఎవరు తింటరు?" అని గట్టిగా అరిచాను.

అరిచిన మాట నా నోట్లో ఉండగానే అర్థమైంది. నేను మేనత్త ముఖం వంక చూశాను. ఆమె ఏమీ ఎరగనట్టు అటక మీది కంచం దించి నా ముందు పెడుతోంది. నేను ముద్ద ముట్టలేదు. పెరట్లోకి పరుగెత్తి తొట్టిలోకి తొంగి చూశాను. అడుగున బూరె కదలకుండా ఉంది, పైన మరమరాలు నానిపోతున్నాయి. దానికి నేను క్షమాపణ చెప్పుకున్నాను. నవ్వకండి, నిజంగానే చెప్పుకున్నాను.

ఫస్టు షిఫ్టు దిగి మా నాయన రాగానే నేనూ మేనత్తా ఇద్దరం మీద పడ్డాం. ఆయన అంత తొందరగా లొంగే మనిషి కాదు. లోతే చల్లదనం అని తన పాట తను పాడాడు. మేనత్త చెంబుతో నీళ్ళిచ్చి, తాగేదాకా ఆగి, నెమ్మదిగా అడిగింది.

"గనిలకు దిగినప్పుడు సల్లగుంటది, అవ్, నేను కాదంటలేను. మరి పనైనంక మీదికి ఎక్కొచ్చేటప్పుడు నీ మోకాళ్ళు ఏమంటయ్ తమ్మీ?"

మా నాయన చెంబు కింద పెట్టాడు. రోజూ ఇంటికి రాగానే ఆయన చేసే మొదటి పని అరుగు మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకోవడం. అప్పుడు కూడా చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. వాటిని చూసుకున్నాడు. తరువాత పెద్దగా నవ్వాడు.

అయితే ఆయన మాటలో కూడా సగం నిజం ఉంది. నీళ్ళు మరీ తగ్గిస్తే మా ఎండకు అవి ఉడికిపోతాయి. మేనత్త దానికి వెంటనే ఒప్పుకుంది. నాకు వాళ్ళిద్దరిలో బాగా నచ్చిందిదే, ఎవరూ గెలవాలని చూడలేదు. ఎంత లోతు కావాలో చేపనే అడుగుదాం అంది మేనత్త. చేపనెట్లా అడుగుతారని నేను బిత్తరపోయాను.

మరునాటి నుంచి అడగడం మొదలుపెట్టాం. బకెట్టుతో కొన్ని నీళ్ళు తోడి మల్లెచెట్టుకు పోయడం, తొట్టి లోపలి గోడ మీద బొగ్గుతో గీత గీయడం, మరమరాలు చల్లి బూరెను కనిపెట్టడం. ఒక గీత దగ్గర అది ఇంకా సగంలో ఆగేది. మళ్ళీ తోడేవాళ్ళం. ఇంకో గీత దగ్గర పైదాకా వచ్చింది గానీ తిని వెంటనే కూలబడింది. మేనత్త తల అడ్డంగా ఊపింది. నాకు ఓపిక నశించి, ఆమె ఊళ్ళోకి వెళ్ళిన సమయంలో, పీట ఎక్కి, తాడు కట్టిన బకెట్టుతో జానెడు లోతే మిగిలేదాకా నీళ్ళు తోడి పారేశాను. బూరె హాయిగా తిరిగింది. నేను గంతులేశాను. మిట్ట మధ్యాహ్నానికి బకెట్టుతో తోడి చెయ్యి పెట్టి చూస్తే నీళ్ళు వేడి వేడిగా ఉన్నాయి, బూరె నీటి పైకొచ్చి నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది. మేనత్త వచ్చి తిట్టలేదు. నీడలో ఉన్న బానలోంచి కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ, అది నోరు మూసేదాకా పక్కనే కూర్చుంది. నీళ్ళు ఎంత ఉండాలో అంతే ఉండాలె బిడ్డా, ఎక్కువైనా పాణమే, తక్కువైనా పాణమే అంది.

శనివారం సాయంత్రానికి గీత కుదిరింది. మా నాయన మోచేతి నుంచి నడివేలి కొస దాకా, ఒక మూరెడు. ఆ లోతులో బూరె పైకి వచ్చి, తిని, ఎక్కడా ఆగకుండా ఒక చుట్టు తిరిగి, మళ్ళీ పైకి వచ్చింది. చల్లదనం కోసం మా నాయన తొట్టి మీద సగానికి వెదురు తడక కప్పాడు. తరువాత నలుగురిని పిలిచి పై వర పగలగొట్టించి తీసేయించాడు. తను కట్టింది తనే కూలగొట్టడం ఆయనకు నామోషీ అనిపించలేదు. ఇప్పుడు నేను మునివేళ్ళ మీద నిలబడే పని లేకుండా తొట్టి మొత్తం కనిపిస్తోంది.

ఆదివారం పొద్దున లారీ వచ్చి హారను కొట్టింది. మా నాయన స్నేహితులు బిలబిలా పెరట్లోకి వచ్చి, ఏదీ ఆ బద్ధకం చేప, తేండి, నదిలో కలిపేద్దాం అన్నారు. రాత్రికి రాత్రి బూరెకు ఏమైనా అయ్యిందేమోనని నాకు భయం. మేనత్త మరమరాల గిన్నె నా చేతికిచ్చి, వెయ్యమన్నట్టు కళ్ళతోనే చెప్పింది. వేశాను.

తడక నీడలోంచి బూరె వచ్చింది. కుచ్చిళ్ళ తోక పూర్తిగా విప్పుకుని, ఎండ పడిన చోట ఒళ్ళంతా నిప్పు కణికలా మెరుస్తూ, సూటిగా పైకి వచ్చి ఒక పలుకు మింగింది. తిరిగింది, ఇంకోటి మింగింది. వాళ్ళంతా అంచు చుట్టూ వంగి చూస్తున్నారు. మా నాయన తన వేలు నీళ్ళలో పెడితే అది కూడా తిండేనేమోనని వచ్చి ముట్టుకుంది. అంతే, ఈలలు, చప్పట్లు! ఒకాయన నన్ను ఎత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు. మా నాయన అందరి వైపూ తిరిగి, "చూసిండ్రా? బద్ధకం చేప కాదు, తొట్టే తప్పుగ కట్టిన!" అని గొంతెత్తి చెప్పాడు. తను చేసిన తప్పును అంత సంబరంగా చెప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. లారీ చేప లేకుండానే గోదావరికి పోయింది, మా నాయన కూడా లేకుండానే పోయింది. ఆయన ఆ రోజంతా తొట్టి దగ్గరే ఉన్నాడు.

బూరె మా ఇంట్లో ఏళ్ళ తరబడి బతికింది, మేనత్త అరచేయి అంత అయ్యింది. పినపాక నుంచి కూడా పిల్లలను వెంటబెట్టుకుని చూడవచ్చేవారు. లోతెంత పెట్టారని ఎవరైనా అడిగితే మా నాయన నోటితో చెప్పకుండా మోచెయ్యి చాపి చూపించేవాడు.

పెద్దయ్యాక నేను అడవి పక్క గూడెం బడిలో పంతులమ్మనయ్యాను. వెనక వరసలో ఒక పిల్ల కూర్చునేది, ఇంట్లో కోయ మాట తప్ప తెలుగు వినని పిల్ల. నాకంటే ముందున్న వారు ఆ పిల్ల మొద్దు అని చెప్పి మరీ అప్పగించి వెళ్ళారు. నేను పలక పక్కన పెట్టి, ముందు ఆ పిల్ల దగ్గర కూర్చుని వాళ్ళ మాటలో నీళ్ళను, కోడిని, ఆకలిని ఏమంటారో నేర్చుకున్నాను. నేను తప్పుగా పలికితే పకపకా నవ్వేది. వానాకాలం వెళ్ళేలోపు ఆ పిల్లే లేచి నిలబడి తరగతికంతా తెలుగులో కథ చెప్పింది. ఆ వేళ నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఎవరైనా ఒక పిల్లను చూపించి బద్ధకమనో, మొద్దు అనో అంటే నాకు ఇప్పటికీ ఊరుకోబుద్ధి కాదు. తొట్టి ఎవరు కట్టారో ముందు చెప్పండి అని అడుగుతాను.