తలుపు కొలిచే బసవపున్నయ్య

మా మరిది బసవపున్నయ్య ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు పుచ్చుకోకముందే మరుగుదొడ్డి తలుపు కొలుస్తాడు. ఇక్కడ ఢిల్లీలో, సాకేత్‌లో మా మేనల్లుడి పెళ్ళిచూపులకు తీసుకెళ్తే, పిల్ల ముఖమైనా చూడకుండా టేపుతో లోపలికి దూరి, "ఇరవై రెండంగుళాలే!" అని కేకేశాడు. సంబంధం అక్కడే తెగింది.

"ముప్ఫై ఏళ్ళు సర్కారు గోడలు కొలిచావు, ఇంకా దురద తీరలేదుటయ్యా?" అన్నాను.

"మీది ఇరవై నాలుగు వదినా," అన్నాడు, తప్పు నాదైనట్టు.

నా మనవరాలు ప్రణతి చక్రాల కుర్చీలో పరుగు పందేలు ఆడుతుంది. ఉండేది హాస్టల్లో. పందేనికి ముందురోజు మయూర్ విహార్‌లో మా ఇంటికొస్తుంది. వచ్చి మెతుకు ముట్టదు, గుక్కెడు నీళ్ళు తాగదు. పందేనికి మూడు గంటల ముందు కడుపునిండా తినమని కోచ్ మొత్తుకుంటాడు. ఇది వినదు. రెండుసార్లు పదిహేనో కిలోమీటరు దగ్గర కళ్ళు తిరిగి ఆగిపోయింది. ఈసారీ ఆగితే టీములోంచి పేరు తీసేస్తామన్నారు.

"నా వంట అంత చేదుగా ఉందిటే?"

"నహీ నానమ్మా, భూక్ నహీ హై."

డొక్కలు ఎగరేస్తూ ఆకలి లేదని చెప్పే అబద్ధం పట్టుకోవడానికి నా రెండో క్లాసు చదువు చాలు. నా వంటనే కాదంటుందా అని నెల్లాళ్ళు దానితో మాట్లాడలేదు.

పందెం తొమ్మిదింటికి. బసవపున్నయ్య మమ్మల్ని ఆరింటికే మైదానానికి లాక్కెళ్ళాడు. చూద్దును కదా, మరుగుదొడ్డి తలుపు ఊడదీసి గోడకు ఆనించాడు! గుమ్మానికి నా నీలం దుప్పటి వేలాడదీశాడు.

"అంకుల్, యే క్యా కర్ దియా?" గార్డు లబోదిబోమన్నాడు.

"తలుపుంటే ఇరవై ఆరు, తీస్తే ఇరవై ఎనిమిది. బిటియా కీ కుర్సీ ఇరవై ఏడు. పందెం అయ్యాక మళ్ళీ లగా దూంగా భయ్యా."

చక్రాల కుర్చీల పందెం పెట్టిన పెద్దలకు ఆ కుర్చీ పట్టే తలుపు పెట్టాలని తోచలేదు. తిని తాగితే తరవాత ఎక్కడికి వెళ్ళాలో తెలియకే ఆ పిల్ల కడుపు మాడ్చుకుంది. సిగ్గుతో నాకు చెప్పలేదు. అడక్కుండానే ఈ పిచ్చిమారాజు కనిపెట్టాడు. అతని చిన్న పుస్తకంలో, ప్రణతి నిశ్చింతగా తినగలిగే ఇళ్ళు ఢిల్లీ మొత్తమ్మీద పదకొండు. అందులో మాది లేదు.

దుప్పటి ముందు అతను వీపు తిప్పి కాపలా నిలబడ్డాడు. ఆ ధైర్యంతో ప్రణతి బయటే నా క్యారియర్‌లో పెరుగన్నం ఊడ్చేసి, రెండు అరటిపళ్ళు తిని, సీసాడు నీళ్ళు తాగింది. పదిహేనో కిలోమీటరు దాటింది. ఇరవై ఒకటీ దాటి పందెం ముగించింది. పేరు నిలబడింది.

మర్నాడే మేస్త్రీని పిలిచి మా మరుగుదొడ్డి గోడ పగలగొట్టించాను. కొత్త తలుపు పెట్టాక ప్రణతి వచ్చింది. కంచం ముందు పెట్టి, గరిటె పట్టుకుని నిలబడ్డాను.

బసవపున్నయ్య లోపల్నించి కేకేశాడు: "ముప్ఫై రెండు వదినా! ఇక వడ్డించు."