నాన్నమ్మ నిద్రపోతోంది

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా అర్హత రాలేదని మా ఆవిడ అంటుంది. జుట్టు నెరవలేదు, మోకాళ్ళు పట్టెయ్యలేదు, అప్పుడే ఏం ఆ రోజులూ అని. కానీ ఇరవై ఏళ్ళ వయసులో, రెంటచింతల మే నెల ఎండలో, మెడకి టై బిగించుకుని ఇల్లిల్లూ తిరిగినవాడు కాస్త తొందరగానే ముసలివాడవుతాడు. ఆ రోజుల్లో నేను మోర్మన్ మిషనరీని, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ ప్రచారకుణ్ణి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, టై, జేబు మీద నల్లటి పేరు బిళ్ళ, దాని మీద ఇంటిపేరుకి ముందు 'ఎల్డర్' అని హోదా. అంటే పెద్ద అని. ఉన్న నాలుగు మీసం వెంట్రుకలూ గీయించుకున్నవాణ్ణి పట్టుకుని పెద్ద అనడం ఒక్క మా దగ్గరే ఉంటుందనుకుంటాను (ఆ హోదా సంగతి విని మా నాన్నమ్మ, "ఒరే పెద్దా, పోయి ఉప్పు పొట్లం పట్రా" అని ఫోన్‌లో ఏడిపించేది).

పల్నాడులో మమ్మల్ని చూసి దేవుడి మనుషులనుకున్నవాళ్ళు దాదాపు లేరు. అక్కడ టైలు కట్టుకుని, భుజాన బ్యాగులేసుకుని, చెమటలు కక్కుతూ తిరిగేది పురుగుమందుల కంపెనీ కుర్రాళ్ళే. మేం వీధిలో అడుగుపెట్టగానే ఎవరో ఒక రైతు "ఏం కంపెనీ బాబూ?" అనేవాడు. "కంపెనీ కాదండీ, దేవుడి మాట చెబుదామని..." అని నేను నసిగితే, "చెబుదువుగాన్లే. ముందు మా మిరప తోటకి నల్ల తామర పురుగు తగులుకుంది, ఏం కొట్టాల్నో అది చెప్పు" అనేవాడు. నిత్యజీవం సంగతి చెబుదామని వెళ్ళి, పురుగుమందు పేరు తెలియక తల దించుకుని వచ్చిన రోజులెన్నో. మేం అద్దెకున్న గది ఎరువుల కొట్టు పైన ఉండేది. కొట్టు యజమాని శెట్టిగారు మహా గడుసు. మొదటి వారంలోనే సంగతి కనిపెట్టి, "పొద్దున్నే మెట్లు దిగేటప్పుడు కాస్త నిదానంగా దిగండి నాయనా, కొట్టు ముందర ఒక నిమిషం నిలబడి పోండి. కంపెనీవోళ్ళు మా కాడికి వస్తన్నారంటే గిరాకీకి మంచిది" అన్నారు. ఆ ఊళ్ళో మా వల్ల మేలు జరిగినవాడు ఎవడైనా ఉంటే అది శెట్టిగారే.

మేం ఎప్పుడూ ఇద్దరం కలిసే ఉండాలి, అది నియమం. నాకు జతగా వచ్చినవాడు నాగాలాండ్ కుర్రాడు, వాణ్ణి జోడీ అని పిలిచేవాణ్ణి. పుస్తకంలో చదివి తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి నాకంటే శుద్ధంగా మాట్లాడేవాడు. "అమ్మా, మేము లోపలికి రావచ్చునా?" అని వాడు అడిగితే గేదెలు కూడా తల తిప్పి చూసేవి. ఇంతా చేసి మేం సువార్త చెప్పడానికి వెళ్ళిన ఊరు ఎలాంటిది? సగం మంది తాతల కాలం నుంచీ ఏసయ్యని కొలుస్తున్న క్యాథలిక్కులు. "ఏసయ్య మా ఇంట్లోనే ఉన్నాడు, మీరు కొత్తగా తెచ్చిందేంది?" అని తలుపు దగ్గరే అడిగేవాళ్ళు. కొబ్బరి తోటలో కొబ్బరికాయలమ్మే వాళ్ళలా అయింది మా పని.

అసలు నేనెందుకు వెళ్ళానంటే మా నాన్న కోసం. ఆయన విశాఖ పోర్టులో క్రేను ఆపరేటరు. నేను బళ్ళో చదివే రోజుల్లో ఈ విశ్వాసంలోకి వచ్చాడు. వచ్చినవాడు అరకొరగా రాలేదు. సారా మానేశాడు, సిగరెట్టు మానేశాడు (ఈ రెండింటికీ మా అమ్మ ఆ దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెడుతుంది), మా నియమం ప్రకారం టీ, కాఫీ కూడా మానేశాడు. ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నాం, ఒక్క నాన్నమ్మ తప్ప. "మీ దేవుడు మంచోడేరా, కానీ టీ తాగనివ్వనివాడితో నేను వేగలేను" అనేసింది. ఇంట్లో టీపొడి లేదు కాబట్టి రోజూ సాయంత్రం వీధి చివరి బడ్డీకి పోయి తాగొచ్చేది. అమ్మా నాన్నా డ్యూటీలకి పోతే నన్ను పెంచింది ఆవిడే. నేను ఈ రెండేళ్ళ సేవకి బయల్దేరిన రోజున స్టేషన్‌కొచ్చి, నా టై సర్ది, "నా పాడె ముందు కొమ్ము నువ్వే పట్టాలి. ఎక్కడున్నా వచ్చి పట్టు. నీ భుజం ఎత్తు చూసుకుంటూనే ఇన్నాళ్ళూ ఆగాను" అంది. పడతానని మాటిచ్చాను. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

రెంటచింతలలో మమ్మల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టిన మొదటి మనిషి తొడిమల మామ్మ. ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయేది, అందుకే ఆ పేరు. మేం దేవుడి ముందు అందరూ ఒకటే అని చెబుతుంటే చెవి ఒగ్గి విని, లోపలికి పోయి రెండు గాజు గ్లాసుల్లో టీ తెచ్చి పెట్టింది. మేం ముఖాలు చూసుకున్నాం. "వద్దు మామ్మా, మేం తాగం" అన్నాను. ఆవిడ ముఖంలో వెలుగు పోయింది. మీరే కులపోళ్ళు అని అడగలేదు, అడగాల్సిన పని లేదన్నట్టు చూసింది. "ఊళ్ళో పెద్దిళ్ళవోళ్ళు మా ఇంట్లో టీ తాగరు. సరే, వాళ్ళు అందరూ ఒకటేనని మాకు చెప్పనూ చెప్పరు. మీరు నా గుమ్మంలో కూసోని చెబుతా ఉండి తాగరేంది?" అంది. నేను మా నియమం గురించి చెప్పబోయాను. టీ తాగకూడదనే దేవుడు ఉంటాడంటే ఎవరు నమ్ముతారు, మా నాన్నమ్మే నమ్మలేదు. ఆవిడ గ్లాసులు రెండూ తీసుకుని టీ వీధిలో పారబోసింది. నాకు భూమిలోకి పోదామనిపించింది.

అప్పుడు జోడీ గబుక్కున, "అమ్మా, నాకు ఆకలిగా ఉన్నది. అన్నము పెట్టండి" అన్నాడు. ఆవిడ ఎగాదిగా చూసి, పరీక్ష పెట్టినట్టు, ఒక పళ్ళెంలో అన్నం, పచ్చిమిరపకాయలు వేసి నూరిన గోంగూర పచ్చడి తెచ్చి వాడి ముందు పెట్టింది. ఆ పచ్చడి వాసనకే నాకు ముక్కు కారింది. వాడు మాత్రం పళ్ళెం ఖాళీ చేసి, "ఇంకనూ మిరపకాయలు ఉన్నవా?" అని అడిగాడు. వాళ్ళ నాగాలాండ్ మిరపకాయ ఘాటులో మన మిరపకాయకి తాత అని మాకేం తెలుసు! ఆవిడ పచ్చిమిరపకాయ చేతికిస్తే కీరాముక్కలా కొరుక్కు తిన్నాడు. వీధంతా పోగయింది. కారం తినడంలో పల్నాడువాణ్ణి మించినవాడు లేడని రొమ్ము విరుచుకునే మగాళ్ళు నోళ్ళు తెరిచి నిలబడ్డారు. "ఈ పిల్లగాడు మనోడేనే" అని ఎవరో తీర్పిచ్చారు. మామ్మ నా వంక తిరిగి, "నువ్వు?" అంది. నేనూ అదే పళ్ళెంలో పెట్టించుకుని తిన్నాను, ఏడుస్తూ తిన్నాను. ఎంగిలి పళ్ళెంలో తిన్నవాణ్ణి ఇంక ఏమంటుంది! "సరేలే, టీ మీకు పడదు. మా ఆయనకి వంకాయ పడేది గాదు" అని మజ్జిగ కలిపి తెచ్చింది. ఆ రోజు నుంచీ మేం దేవుడి గురించి చెప్పినా చెప్పకపోయినా ఆ ఇంటికి పోతూనే ఉన్నాం.

ఇంటికి ఫోన్ చేసేది సోమవారం. కొట్టు డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే సిగ్నలుండేది, అక్కడ నిలబడి వీడియో కాల్ చేసేవాణ్ణి. ఒక సోమవారం నాన్నమ్మ కనపడలేదు. "కాస్త నలతగా ఉంది, నిద్రపోతోంది" అన్నాడు నాన్న. పై సోమవారం కూడా నిద్రపోతోంది. ఆ పై సోమవారం కూడా నిద్రే. మా నాన్నమ్మ పగలు కునుకు తీసి ఎరగదు, సాయంత్రమైతే ఎంత జ్వరమొచ్చినా టీ బడ్డీ దగ్గర హాజరు. అమ్మకివ్వమంటే అమ్మ తల పక్కకి తిప్పుకుని "తిన్నావా నాన్నా?" అని అదొక్కటే అడిగేది. నాన్న ముఖం మాత్రం ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉండేది. "నువ్వు ఇంటి ధ్యాస పెట్టుకోకు. నీ పని నువ్వు చెయ్యి" అనేవాడు.

తొడిమల మామ్మ ప్రతివారం "మీ నాయనమ్మ ఎట్టుంది?" అని అడిగేది. ఆ సోమవారం సాయంత్రం కూడా అడిగింది. "నిద్రపోతోందంట" అన్నాను. ఆవిడ చేతిలో మిరపకాయ పక్కన పెట్టింది. "అన్ని సోమవారాలు నిద్రపోతే అది నిద్ర కాదు నాయనా. పో. ఉన్నపళాన పో" అంది. మా మిషనరీలందరికీ పైఅధికారి అయిన పెద్దాయనకి ఫోన్ చేస్తే, ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముందే ఎందుకు చెప్పలేదు? వెళ్ళు, అక్కడ అవసరమైనన్ని రోజులుండు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే బ్యాగు సర్దుకుని, జోడీని వెంటబెట్టుకుని (మరి ఇద్దరం కలిసే ఉండాలి గదా) పిడుగురాళ్ల బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. బస్సెక్కే ముందు చెబుదామని నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, వస్తున్నాను."

"ఎందుకు?"

"నాన్నమ్మని చూడ్డానికి."

"శుక్రవారమే అయిపోయిందిరా" అన్నాడు.

"నిన్న నిద్రపోతోందన్నావు?"

"నీ మనసు చెదురుతుందని చెప్పలేదు. నువ్వు దేవుడి పని మీద ఉన్నవాడివి. ఇక్కడ అందరూ నిన్నెంత మెచ్చుకుంటున్నారో తెలుసా?"

"ముందు కొమ్ము ఎవరు పట్టారు?"

"ఎవరో ఒకరు పడతార్రా. పక్కింటి కుర్రాడు పట్టాడు."

ఫోన్ పెట్టేశాను. దేవుడు అడగలేదు. మా పెద్దాయన అడగలేదు. ఏ నియమమూ అడగలేదు. అడగని బలి ఒకటి నాన్న తనంతట తానే ఇచ్చేశాడు, అదీ నాది. బస్సొచ్చింది, కండక్టరు మా ముఖాలు చూసి రెండుసార్లు పిలిచి విసుక్కుని పోయాడు. ఇప్పుడు వెళ్ళి చేసేదేముంది? పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి నా టై వంక చూసి "ఏం కంపెనీ బాబూ?" అన్నాడు. అన్ని నెలల్లో మొట్టమొదటిసారి నాకు సరైన జవాబు తట్టింది. "మూసేశారండీ" అన్నాను. "అయ్యో! జీతాలన్నా ఇచ్చారా?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. నాన్నమ్మ చనిపోయినందుకు నాకు అందిన మొదటి పరామర్శ అదే.

గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి తొడిమల మామ్మ పనిలోనుంచి అట్నే లేచి వచ్చింది, జోడీ కబురంపాడట. చేతిలో మూత పెట్టిన చెంబు, గాజు గ్లాసు. "చావింట్లో పొయ్యి ఎలిగించకూడదు. ఇరుగుపొరుగోళ్ళు తేవాల. ఈడ నీకు ఇరుగైనా పొరుగైనా నేనేగా" అని గ్లాసులో టీ పోసింది. తరవాత నాలిక్కరుచుకుని, "నీకు పడదు గదా, మర్చిపోయా. చావంటే టీనే చేతికొస్తది" అంది. నేను జోడీ వంక చూశాను. వాడు నియమాల విషయంలో గడియారం లాంటివాడు. వాడు నన్ను చూసి, గ్లాసుని చూసి, "నేను ఇప్పుడు ప్రార్థన చేసుకొనవలెను" అని గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నేను గ్లాసందుకున్నాను. అల్లం ఎక్కువ, పంచదార మరీ ఎక్కువ, అచ్చం బడ్డీ టీ. ఆవిడ వేళ్ళకున్న మిరప ఘాటు గ్లాసుకంటుకుని కళ్ళు మండాయి. సగం తాగాక జోడీ వెనక్కి తిరక్కుండానే, "అయినదా?" అన్నాడు. "ఇంకా ఉందిరా" అన్నాను. "అయితే నాకునూ ఇంకా ఉన్నది" అని మళ్ళీ ప్రార్థనలో పడ్డాడు. అంతకంటే మంచి ప్రార్థన నేను ఏ గుళ్ళోనూ వినలేదు.

సేవ పూర్తి చేశాకే ఇంటికెళ్ళాను. నాన్న స్టేషన్‌లో దండ వేశాడు. ఆ దండ మెడలో పడ్డప్పుడు ఏమనిపించిందో ఇక్కడ రాస్తే బాగుండదు. విశ్వాసాన్ని నేనేమీ తిట్టలేదు, మెల్లగా దాని దారిన దాన్ని వదిలేశాను. ఇక నవ్వండి. చివరికి నేను చేరింది పురుగుమందుల కంపెనీలో, ఉంటున్నది నరసరావుపేటలో. మొదటిసారి కంపెనీ బ్యాగుతో కొట్టుకెళ్తే శెట్టిగారు లేచి నిలబడి, "నేనప్పుడే అనుకున్నా" అన్నారు. నల్ల తామర పురుగుకి ఏం కొట్టాలో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

సోమవారాలు నా రౌండ్లు రెంటచింతల వైపే. మొన్న సోమవారం కూడా తొడిమల మామ్మ గుమ్మంలో కూర్చుని టీ తాగుతుంటే ("ఇప్పుడు పడతందా నీకు?" అని ఆవిడ ప్రతిసారీ అడుగుతుంది) ఫోన్ మోగింది. నాన్న. రిటైరైనప్పటి నుంచీ సోమవారం తప్పకుండా చేస్తాడు. నేను ఫోన్ బోర్లా పెట్టాను.

"ఎవురు?" అంది మామ్మ.

"నాన్న. నేను ఎత్తకపోతే మా ఆవిడకి చేస్తాడులే. నిద్రపోతున్నానని చెబుతుంది."

"ప్రతివారం అదే చెబుతదా?"

"ఊఁ."

"నమ్ముతన్నాడా?"

"'లేపొద్దులే అమ్మా, అలిసిపోయుంటాడు' అంటాడంట."

మామ్మ నన్ను ఎగాదిగా చూసింది, వెనకటికి జోడీని చూసినట్టే. "అచ్చం మీ నాయన పోలికేరా నీది" అంది.

ఎండలో మెడకి టై బిగించుకుని 'ముందు కొమ్ము ఎవరు పట్టారు' అని అడిగిన కుర్రాడు ఆ మాట వినుంటే గ్లాసు విసిరికొట్టి ఉండేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. "మీ నాయన పోయినప్పుడు ముందు కొమ్ము ఎవురు పడతారు?" అని అడిగింది మామ్మ, చెంబులోంచి నా గ్లాసులోకి ఇంకాస్త టీ వంచుతూ.