తప్పంతా చంద్రమౌళిదే

మా చంద్రమౌళికి ఒక్కటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏది చెడిపోయినా తప్పు తనదే అంటాడు. అని ఊరుకోడు, నమ్ముతాడు. నమ్మి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "మునిగిపోనాం బావా" అని ఉన్నచోటే కూలబడతాడు. ఆ బావని నేనే. చుట్టరికం లేదు గానీ, మునిగేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర, చెప్పుల షాపు పైన ఒక గది తీసుకుని మేమిద్దరం విండోస్ ప్రోగ్రాములు రాస్తాం. ఎరువుల షాపులకి బిల్లులు, రైసు మిల్లులకి స్టాకు, లారీ కాటాలకి తూకం చీటీలు. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. తెర మీద బటన్లు, గడులు ఉంటాయి చూశారూ, వాటిని మేం కంట్రోళ్లు అంటాం. వాటిని ఎవరైనా నొక్కినా, నింపినా, ఊరికే మౌసు పైనుంచి పోనిచ్చినా, దాన్ని ఈవెంట్ అంటాం. ఏ ఈవెంట్ వస్తే ఏం జరగాలో రాసిపెట్టడం మా పని. రాసింది ఒకటీ జరిగింది ఇంకొకటీ అయితే ఎందుకలా అయిందో వెతుక్కోవడం డీబగ్గింగ్. మా వృత్తిలో మొదటిది పావలా వంతు, రెండోది ముప్పావలా. ఆ ముప్పావలా వంతూ చంద్రమౌళి పక్కన కూర్చుని గడపడం ఎంత నరకమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒకరోజు ఎరువుల షాపు త్రినాథ్ ఫోన్ చేశాడు.

"ఏటయ్యా, మీ ప్రోగ్రాం నల్లగైపోనాది? తెర మీద ఏటీ అవుపడ్డం లేదు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను నోరు తెరిచేలోగానే చంద్రమౌళి ముఖం పాలిపోయింది.

"తెర తెరుసుకునే కాడ నేనేదో తప్పు రాసుంటాను. అప్పుడే అనుమానమొచ్చింది. మునిగిపోనాం బావా."

"చూడకుండానే మునిగిపోతావేటి?"

"మునిగేవోడికి సూడ్డం ఎందుకు?"

బస్సెక్కి వెళ్లాం. తీరా చూస్తే, మానిటర్ ప్లగ్గు పీకేసి ఎవరో అక్కడ సెల్‌ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నారు. ప్లగ్గు పెట్టాను, ప్రోగ్రాం వెలిగింది. త్రినాథ్ నాలిక కరుచుకున్నాడు. కథ అక్కడితో అయిపోవాలి. చంద్రమౌళి అవనిస్తాడా?

"లేదండి, తప్పు నాదే. నా ప్రోగ్రాం అంత ముఖ్యమైనదే అయితే, ఆ ప్లగ్గు పీకడానికి ఎవరికైనా సెయ్యి వస్తాదా?"

త్రినాథ్ ఒక క్షణం ఆలోచించి, నాలిక లోపల పెట్టేసుకుని, "అవును, మీ తప్పే" అన్నాడు.

అరసవల్లి సంగతి ఇంకా ఘోరం. ఏటా రెండుమార్లు పొద్దుటి కిరణాలు గుళ్లో స్వామి పాదాల మీద పడతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ ఏడు మేమూ వెళ్లాం. సరిగ్గా ఆ వేళకి మబ్బు కమ్మింది. జనమంతా ఉసూరుమన్నారు. చంద్రమౌళి వరసలో వెనక్కి తిరిగి, ఒక్కొక్కరికీ దండం పెట్టి, "క్షమించండి, నేను వచ్చాను, అందుకే" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఒక ముసలావిడ నిజమేననుకుని, "అయితే ఎల్లిపో నాయనా, మేం సూసుకోవాలి" అంది. వాడు నిజంగానే వెళ్లి బయట ఆటోలో కూర్చున్నాడు. మబ్బు మాత్రం వీడలేదు. "ఆటో ఇంకా దగ్గరగానే ఉన్నాది కదా బావా" అన్నాడు.

వాళ్లావిడ యమునని ఒకసారి అడిగాను, "ఎలా వేగుతున్నావమ్మా వీడితో?" అని.

"మంచిదే అన్నయ్యా. పప్పు మాడ్చింది నేనైనా సారీ సెప్పేది ఆయనే" అంది.

తమాషా ఏమిటంటే, నిజంగా తన తప్పయిన రోజున మాత్రం వీడు పెళ్లికొడుకులా వెలిగిపోతాడు. విజయనగరంలో ఒక విత్తనాల షాపుకి రాసిన ప్రోగ్రాంలో, బస్తాల గడి మారిస్తే కిలోల గడి మారాలి, కిలోలు మారిస్తే బస్తాలు మారాలి. ఒకటి మారగానే రెండోది మారేది. అది మారింది కదా అని మొదటిది మళ్లీ మారేది. "మీరు ముందు తినండి", "అబ్బే, మీరే ముందు" అనుకునే కొత్త వియ్యంకుల్లా రెండూ కలిసి కంప్యూటర్‌ని కదలకుండా నిలబెట్టేశాయి. అది నూటికి నూరుపాళ్లూ చంద్రమౌళి చేసిన తప్పు. ఆరోజు వాడి ఆనందం చూడాలి! "సూసావా? సెప్పానా లేదా?" అని నాకు టీ, పకోడీ ఇప్పించాడు.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని రమేష్‌బాబు మిల్లుకి వెళ్లాల్సి వచ్చింది.

ఆమదాలవలస రోడ్డులో రమేష్‌బాబుకి రైసు మిల్లు, మిల్లు ముందే లారీ కాటా ఉన్నాయి. ధాన్యం లారీ కాటా ఎక్కుతుంది, బరువు తెర మీదికి వస్తుంది, 'సేవ్' బటన్ నొక్కితే చీటీ అచ్చవుతుంది. నొక్కే మనిషి నూకయ్య. రమేష్‌బాబు తండ్రి కాలం నుంచీ ఆ కాటా దగ్గరే ఉన్నాడు. కొన్నాళ్లుగా ఉండుండి ఒకే లారీకి రెండు చీటీలు వస్తున్నాయి. రెండు చీటీలంటే, రాని ధాన్యం మిల్లులోకి వచ్చినట్టు లెక్క, దానికి డబ్బూ కట్టాలి.

రమేష్‌బాబు నాన్చకుండా చెప్పాడు. "సూడండి, తప్పు ప్రోగ్రాందైతే బాగుసెయ్యండి. మనిషిదైతే రేపట్నించి నూకయ్య రానక్కర్లేదు. నాన్న పెట్టిన మనిషని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నేను ఊళ్లోకెళ్లి సాయంత్రం వస్తాను. ఏదో ఒకటి తేల్చండి."

నూకయ్య గుమ్మంలోనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, అంతా విన్నాడు. యజమాని వెళ్లాక మెల్లగా అన్నాడు.

"పని పోతే పోనాది బాబూ. దొంగోడినని అనిపించుకుని పోడమే నా వల్ల కాదు."

చంద్రమౌళి అప్పటికే నెత్తిన చేతులు పెట్టేసుకున్నాడు. "మావా, తప్పు నాదే అయ్యుంటాది. నువ్వు దిగులు పెట్టుకోకు, నేను పెట్టుకుంటాను."

కాటా కంప్యూటర్‌లోనే మా సరంజామా అంతా దింపి, 'సేవ్' బటన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టాం. అంటే, నొక్కగానే ప్రోగ్రాంని "ఆగు" అని చొక్కా పట్టుకుని ఆపడం. అక్కడినుంచి ఒక్కో వరసా నడిపించి చూస్తాం. లారీ వచ్చింది. నూకయ్య నొక్కాడు. ఆగింది. నడిపించాం. చీటీ ఒక్కటే వచ్చింది. ఇంకో లారీ, మళ్లీ ఒక్కటే. సరే కదా అని బ్రేక్‌పాయింట్ తీసేశాం. వెంటనే రెండు చీటీలు! మళ్లీ పెట్టాం. ఒక్కటే. పోలీసు కనిపిస్తే హెల్మెట్ పెట్టి, దాటగానే తీసేసేవాడిలా మమ్మల్ని ఆడించింది ఆ ప్రోగ్రాం. ఇంతకంటే దిక్కుమాలిన స్థితి మా వృత్తిలో లేదు. పట్టుకుందామంటే తప్పు ఉండదు, వదిలేద్దామంటే పోదు.

చంద్రమౌళి బయటికి నడిచి కాటా పళ్లెం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"తూకం తియ్యి బావా. నా పాపం ఎంత బరువుందో సూద్దాం."

"లేరా బాబూ, వెనక లారీ ఉంది."

"ఎక్కించీమను."

లారీలోంచి సోములనే డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏటయినాది ఆయనకి?"

"చీటీ రెండుసార్లు వస్తోందయ్యా."

"దానికింత ఏడుపా? నా లారీకి బ్రేకులే సరిగ్గా పడవు. నానేడస్తన్నానా?"

అది విని చంద్రమౌళి లేచాడు. ఓదార్పు అనుకునేరు, లారీ భయం. లోపలికొచ్చి కొత్త ఉపాయం పట్టాడు. ప్రోగ్రాంని ఆపకుండా, తెర మూలన చిన్న గడి పెట్టి, ఏ ఈవెంట్ వచ్చినా దాని పేరు అందులో పడేలా చేశాడు. తర్వాతి లారీకి ఆ గడిలో 'నొక్కు' అని రెండుసార్లు పడింది, రెప్పపాటు తేడాలో.

"దొరికిపోనాను!" అని కేక పెట్టాడు. "ఒకే బటన్‌కి ఒకే పని రెండుసార్లు తగిలించేసుంటాను. కొత్తగా నేర్సుకునే పిల్లలు సేసే తప్పు బావా ఇది. సిగ్గుసేటు!"

ముఖం వెలుగుతోంది. మధ్యాహ్నం అన్నం మానేసి ప్రోగ్రాం అంతా జల్లెడ పట్టాడు. నేనూ పట్టాను. తగిలించింది ఒక్కసారే. మళ్లీ వెతికాడు, ఒక్కసారే. దీపం ఆరినట్టు వాడి ముఖం మారిపోయింది. చివరికి మౌసు బటన్ కిందికి దిగడం, పైకి లేవడం కూడా ఆ గడిలో పడేలా రాశాడు. లారీ వచ్చింది. దిగింది, లేచింది. దిగింది, లేచింది.

బటన్ లేనిపోనిది కల్పించలేదు. వేలే రెండుసార్లు నొక్కింది.

ఇద్దరం ఒక్కసారే తెర మీంచి తల తిప్పి నూకయ్య చేతి వంక చూశాం. పొద్దుట్నుంచీ పక్కనే ఉన్నాం గానీ ఆ చెయ్యి చూడాలని మాకు తోచలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. అయినా మౌసు మీద చూపుడు వేలు వణుకుతోంది. ఒకసారి తను నొక్కుతున్నాడు, రెండోసారి వణుకు నొక్కుతోంది. మేం ప్రోగ్రాంని పట్టుకుని ఆపినప్పుడల్లా మేం వరసలు చూసుకునే తెర ముందుకొచ్చేది, ఆ రెండో నొక్కు దాని మీద పడి ఎటూ కాకుండా పోయేది. అందుకే దొరకలేదు.

మేం చూడటం నూకయ్య చూశాడు. చెయ్యి చప్పున ఒళ్లోకి లాక్కుని పైన తువ్వాలు కప్పుకున్నాడు.

"సలిగా ఉన్నాది బాబూ" అన్నాడు.

మండుటెండ, రేకుల షెడ్డు. నా చొక్కా పిండితే బకెట్టు నిండేట్టుంది.

చంద్రమౌళిని బయటికి లాక్కొచ్చాను. "ఒరే మౌళీ! ఈసారి తప్పు నీది కాదురా, కళ్లారా చూశావు! నీ ప్రోగ్రాం ముత్యంలా ఉంది. రమేష్‌బాబు రాగానే తలెత్తుకుని చెప్పు."

వాడు తల ఎత్తలేదు. "సెప్తే రేపట్నించి ఆ మావ రాడు."

"మరి మన పేరు?"

"ఎన్నిసార్లు పోలేదు బావా?"

వాడే మళ్లీ అన్నాడు. "అయినా తప్పు ఆ మావదెలాగవుద్ది? వణికే వేలుంటాదని ఊహించని బటన్ రాసిందెవరు?"

ఒళ్లు మండింది. ఇంతసేపూ వెతికి వెతికి, చివరికి వీడు మళ్లీ అక్కడికే వచ్చాడు. కానీ ఈసారి కాదనడానికి నాకు నోరు రాలేదు.

లోపలికి వెళ్లి నాలుగు వరసలు రాశాడు. ఒకసారి నొక్కగానే 'సేవ్' బటన్ నిద్రపోతుంది. చీటీ అచ్చయి, లారీ కాటా దిగాకే లేస్తుంది. మధ్యలో ఎన్ని నొక్కులు పడినా దానికి వినపడదు. తర్వాత వచ్చిన లారీలన్నిటికీ ఒక్కో చీటీయే. నూకయ్య ఒక్కో చీటీనీ దీపం కింద పెట్టి చూసుకున్నాడు.

సాయంత్రం రమేష్‌బాబు వచ్చాడు. "ఏటి తేలింది?"

అంతే, చంద్రమౌళి నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను గానీ, అంత బాగా కూలబడటం ఎప్పుడూ చూడలేదు. "మునిగిపోనామండి! తప్పు నాదే. ఒకే బటన్‌కి ఒకే పని రెండుసార్లు తగిలించేసాను. ఇప్పుడు సరిసేసాను. కావాలంటే నన్ను కొట్టండి."

నేను గొంతు సవరించుకున్నాను. వాడు కూర్చున్నచోటి నుంచే నా కాలు తొక్కాడు. కూర్చుని కాలు తొక్కడం ఎలా సాధ్యమో నాకిప్పటికీ తెలియదు.

రమేష్‌బాబు మమ్మల్ని దులపాల్సినంతా దులిపాడు. తర్వాత నూకయ్య వైపు తిరిగి నీళ్లు నమిలాడు. "మావా, ఏటీ అనుకోకు. వీళ్ల మూలంగా నిన్ను అనుమానించాను. రేపు ఎప్పట్లాగే వచ్చీ."

రమేష్‌బాబు వెళ్లిపోయాక నూకయ్య లేచి చంద్రమౌళి దగ్గరికి వచ్చాడు. ఒళ్లో తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. వణికే చేతిని దాచుకోకుండా వాడి తల మీద పెట్టాడు.

"ఊరుకో బాబూ. సిన్నోడివి. తప్పులు సెయ్యకపోతే పనెలాగొస్తాది? ఇకనించి రాసేటప్పుడు ఒకటికి రెండుపాలు సూసుకో."

"అలాగే మావా" అన్నాడు చంద్రమౌళి. నూకయ్య తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నేను అడగలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు వాడికే ఇచ్చాను. వాణ్ని చూస్తుంటే మొదటిసారి గర్వంగా అనిపించింది. మెచ్చుకుందామని మాట వెతుక్కుంటున్నాను. ఇంతలో వాడు సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుని గబగబా ఏదో వెతకసాగాడు.

"ఏటి చేస్తున్నావురా?"

"నూకయ్య మావ సెప్పింది నిజమే బావా. ఒకటికి రెండుపాలు సూసుకోవాల." రెండు చేతులూ నెత్తి మీదికి వెళ్లాయి. "ఆ పని రెండోసారి ఎక్కడ తగిలించేనో ఇంకా దొరకలేదు."