క్యాప్ కృష్ణమోహన్ గారి కొంగలు

కృష్ణమోహన్ గారికి మీరు ఏ వస్తువు చూపించినా, ఏ మనిషిని పరిచయం చేసినా, ఏ వంటకం వడ్డించినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: "క్యాప్‌లో పడుతుందా?" టెక్సస్‌లోని కాపెల్ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళలో సగం మందికి ఆయన ఇంటిపేరు తెలియదు. క్యాప్ కృష్ణమోహన్ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయనకి టోపీల దుకాణం ఉంది కాబోలనుకుంటారు, పాపం.

మైత్రి కూడా అలాగే అనుకుంది. ఉద్యోగం కోసం ఒంటరిగా ఆ ఊరొచ్చిన కొత్తలో, అపార్ట్‌మెంట్ పక్కింటివాళ్ళు ఆయన ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుకి తీసుకెళ్ళారు. టీవీలో మంచు హాకీ మ్యాచ్ నడుస్తోంది. అందరూ ఆ నల్ల రబ్బరు బిళ్ళ ఎటు పోతోందా అని చూస్తుంటే, కృష్ణమోహన్ గారు మాత్రం మనుషుల జీతాలు చూస్తున్నారు.

"అబ్బ, ఏం గోల్ కొట్టాడు అంకుల్!" అంది మైత్రి మర్యాదకి.

"తొమ్మిది మిలియన్లు పుచ్చుకుని గోల్ కొట్టక గోళ్ళు గిల్లుకుంటాడా? అదిగో, ఆ మూల చెమటలు కక్కుతున్న పిల్లాణ్ణి చూడమ్మా. వాడికి మిలియన్ కూడా లేదు. జట్టుని మోస్తున్నది వాడు."

ఆ సాయంత్రం ఆమెకి జ్ఞానోదయం అయింది. అమెరికాలో హాకీ ఆడే పెద్ద జట్లన్నిటికీ ఒకే హద్దు ఉందిట. ఆటగాళ్ళందరికీ కలిపి ఇచ్చే జీతం ఆ హద్దు దాటకూడదు. దాన్నే శాలరీ క్యాప్ అంటారు. యజమాని దగ్గర డబ్బు ఎంత మూలుగుతున్నా హేమాహేమీలందర్నీ తనే కొనేసుకోవడానికి వీల్లేదు. ఒక్క మహారాజుకి ఖజానా ధారపోస్తే, మిగిలిన చిల్లరతో తక్కిన బంట్లందర్నీ వెతుక్కోవాలి. అందుకే నిన్న కప్పు గెలిచిన జట్టు ఇవాళ తన మంచి ఆటగాళ్ళని చేతులారా వదులుకుంటుంది, అడుగున పడి ఉన్న జట్టు వాళ్ళని ఎగరేసుకుపోతుంది. కృష్ణమోహన్ గారు బఫెలోలో వంతెనలు కట్టే ఇంజనీరుగా ఉన్న రోజుల్లో, బయట మంచు కురుస్తుంటే చూడ్డానికి మరేమీ లేక హాకీకి అలవాటు పడ్డారు. రిటైరై టెక్సస్ ఎండలోకి వచ్చాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. అందులోనూ ఆటకంటే ఆయనకి ఈ సర్దుబాటే ముద్దు.

భోజనం దగ్గరా అదే గోల. డాక్టరు ఆయన తిండికి హద్దు పెట్టిన నాటి నుంచి కంచంలో కూడా ఒక జట్టు నడుస్తోంది. మైత్రి చూస్తుండగానే ఆయన భార్య ఆండాళ్ గారు గారెల పళ్ళెం పట్టుకొచ్చారు.

"ఏవండీ, ఇంకో గారె వెయ్యనా?"

"ఉండు ఆండాళూ, తొందరపడకు. గారె లోపలికొస్తే ఎవరో ఒకరు బయటికి పోవాలి కదా? పెరుగన్నాన్ని ట్రేడ్ చేసేద్దాం."

"చేసుకోండి. మరి ఆ జాంగ్రీ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అది నిన్నటిది. పాత కాంట్రాక్టు. ఇవాళ్టి క్యాప్‌లోకి రాదు."

"ఆ ముక్క మీ షుగర్‌తో చెప్పారా?" అన్నారావిడ, జాంగ్రీని తీసి మైత్రి కంచంలో వేస్తూ.

ఇలాంటి మహానుభావుడి చేతికి దేవుడు ఒక జట్టుని కూడా అప్పగించాడు. ఊళ్ళో ఐస్ రింక్‌లో ఆదివారం పొద్దున్నే పెద్దవాళ్ళకి ఒక సరదా లీగ్ ఉంది. నిలబడ్డం వస్తే చాలు, ఎవరైనా చేరచ్చు. బలవంతులంతా ఒకే జట్టులో చేరిపోకుండా రింక్‌వాళ్ళు పెద్ద లీగ్‌ని చూసి వాత పెట్టుకున్నారు. ఒక్కో ఆటగాడికి ఒకటి నుంచి ఐదు దాకా పాయింట్లు. జట్టు మొత్తం ముప్ఫై దాటకూడదు. ఎవరికెన్ని పాయింట్లో మేనేజర్లకే చెప్తారు, ఆటగాళ్ళకి చెప్తే కొట్టుకు చస్తారని. ఇందులో తెలుగువాళ్ళ జట్టు పేరు కాపెల్ కొంగలు. జన్మలో స్కేట్లు తొడగని కృష్ణమోహన్ గారు దానికి మేనేజరు.

ఆయన రాకముందు ఆ జట్టుని మొహమాటం నడిపేది. ఒకరి ఇంటి ఓనరు, ఒకరి మేనేజరు, ఒకరి వేలువిడిచిన మేనమామ, ఇలా కాదనలేనివాళ్ళంతా కొంగలే. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మీకూ తెలుసు, పెద్దవాళ్ళ ముందు పూర్తిగా చెప్పలేం. కొంగలకి మాత్రం వారం వారం అదే అయ్యేది. కృష్ణమోహన్ గారు వస్తూనే ఆండాళ్ గారి సొంత తమ్ముణ్ణి తీసేశారు.

"నీకు త్రీ పాయింట్లోయ్ బావమరిదీ. ఆడేది వన్ పాయింట్ ఆట. నిన్ను ఉంచుకుంటే ఇంకో ఇద్దరు మంచివాళ్ళు పోతారు. క్యాప్ దగ్గర నాకు మొహమాటం లేదు" అని పండగపూట, కొత్తబట్టల్లో ఉన్నవాడి మొహం మీదే చెప్పారు. తర్వాత ఆండాళ్ గారు ఇంట్లో చాలా రోజులు పొద్దున్నా రాత్రీ ఉప్మాయే వండారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆయన మాత్రం చలించలేదు. జట్టు గెలవడం మొదలుపెట్టింది.

మైత్రిని జట్టులోకి పిలిచింది కూడా ఆయనే. "నీకు స్కేటింగ్ వచ్చా?" అన్నారు. "అస్సలు రాదంకుల్" అంది. "బంగారం! నువ్వు వన్ పాయింటు. నీలాంటివాళ్ళుంటేనే వినీత్‌లాంటివాణ్ణి భరించగలం" అని సంబరపడిపోయారు. వినీత్ మిన్నెసోటాలో పుట్టి, నడక కంటే ముందు స్కేటింగ్ నేర్చుకున్న కుర్రాడు. ఐదు పాయింట్లవాడు, కొంగల్లో హంస. ఇక మైత్రి ఆట సంగతంటారా, ఆమెకి ముందుకెళ్ళడం వచ్చుగానీ ఆగడం రాదు. గోడ వస్తే ఆగుతుంది. ఎదురుగా ఎవరైనా ఉంటే వాళ్ళని పట్టుకుని ఆగుతుంది.

అయినా ఆదివారం అంటే మైత్రికి ప్రాణం. ఆమె ఇంటి నుంచే పనిచేసే టెస్టింగ్ ఇంజనీరు. వారమంతా ఆమె పేరు వినపడేది ఒక్క వాక్యంలోనే: "మైత్రీ, యూ ఆర్ ఆన్ మ్యూట్." రింక్‌లో మాత్రం పదకొండు మంది గొంతు చించుకుని ఆమె పేరు అరుస్తారు. ఎక్కువగా "మైత్రీ, జరుగు!" అనే అరుస్తారనుకోండి. అదైనా ఆమెకి పండగే.

పోయిన సీజన్ చివరి మ్యాచ్‌లో ఒక విచిత్రం జరిగింది. వినీత్ బిళ్ళని బలంగా కొట్టాడు. అదే క్షణంలో మైత్రి గోల్ ముందు బోర్లా పడింది. బిళ్ళ వచ్చి ఆమె కూర్చునే భాగానికి తగిలి, దారి మళ్ళి గోల్‌లో దూరింది. కొంగలు కప్పు గెలిచారు. మైత్రిని భుజాల మీద మోశారు. కృష్ణమోహన్ గారు ఒక్కరే నవ్వలేదు. తలపట్టుకుని బెంచీ మీద కూలబడ్డారు. ఆనందం ఎక్కువై అలా అయిపోయారని అందరూ అనుకున్నారు.

కొత్త సీజన్ మొదలయ్యేసరికి పిడుగు పడింది. కృష్ణమోహన్ గారు వినీత్‌ని పక్క ఊరి జట్టు ఇర్వింగ్ గద్దలకి ఇచ్చేసి, బదులుగా మోకాలు నొప్పి ఉన్న ఒక పళ్ళ డాక్టర్ని తెచ్చుకున్నారు.

"అంకుల్, నన్ను ట్రేడ్ చేశారా? సీరియస్‌గా? నేను ఏం తప్పు చేశాను?" అన్నాడు వినీత్, తన అమెరికా తెలుగులో.

"నువ్వేం చెయ్యలేదు నాన్నా. క్యాప్" అన్నారాయన, గోడకేసి చూస్తూ.

ఇక చూడండి, కొంగల రెక్కలు విరిగాయి. పళ్ళ డాక్టరు పరిగెత్తడం మానేసి అవతలివాళ్ళ పళ్ళు పరీక్షగా చూసేవాడు. మ్యాచ్ వెనక మ్యాచ్ ఓడారు. ఆఖరి స్థానంలో మిగిలితే రింక్‌వాళ్ళు ఆ జట్టుని రద్దు చేసి, వేరేవాళ్ళకి చోటిస్తారు. ఆదివారాలు పోతాయనేసరికి మైత్రికి నిద్ర పట్టలేదు. పైగా కృష్ణమోహన్ గారు ఇప్పటికీ ఆమెని "మన వన్ పాయింట్ బంగారం" అనే పిలుస్తున్నారు. చవగ్గా వచ్చింది కాబట్టి తనని ఉంచుకుని, వజ్రంలాంటివాణ్ణి పోగొట్టుకున్నారేమోనని ఆమెకి గుండెలో ముల్లు గుచ్చుకుంది. ధైర్యం చేసి గద్దల మేనేజరు రాజ్ దగ్గరికి వెళ్ళింది.

"రాజ్ గారూ, నన్ను మీరు తీసుకుని వినీత్‌ని మాకిచ్చేయండి. నేను వన్ పాయింటే. మీకేమీ బరువుండను."

రాజ్ కాఫీ పొలమారేలా నవ్వాడు. "వన్నా? నువ్వు త్రీ! గెలుపు గోల్ కొట్టినవాళ్ళకి రెండు పాయింట్లు పెరుగుతాయమ్మా, అది లీగ్ రూల్. ఏ భాగంతో కొట్టావని రూల్ అడగదు."

మైత్రి వేళ్ళ మీద లెక్కేసుకుంది.

"నీకు త్రీ, ఆడేది వన్. నిన్ను ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు, ఏమీ అనుకోకు. సీజన్ ముందు జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్ అప్పుడు నేనే చెప్పా మీ అంకుల్‌కి. ఆ అమ్మాయిని వదిలేసి ఎవరైనా వన్ పాయింట్‌వాణ్ణి తెచ్చుకోండి, వినీత్ మిగుల్తాడు కదా అని. ఏమన్నాడో తెలుసా? మొహమాటంగా ఉంది రాజ్, అన్నాడు."

మైత్రి కారు తిన్నగా కృష్ణమోహన్ గారి ఇంటికి పోనిచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే అడిగింది.

"అంకుల్, నేను త్రీ అట కదా?"

"ఎవడా కూసింది? రాజ్‌గాడేనా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"నన్ను వదిలేయడానికి మొహమాటపడ్డారట?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆండాళ్ గారు బయటికొచ్చారు. "మొహమాటమా? మీకా? మా తమ్ముణ్ణి పండగపూట గెంటేసినప్పుడు ఎక్కడికి పోయిందండీ అది?"

"మీ తమ్ముడికేమే! గోల్ఫ్ ఉంది, పేకాట ఉంది, శనివారం ఒక గుంపు, ఆదివారం ఒక గుంపు. ఈ పిల్లకి ఈ ఊళ్ళో..." అని ఆగిపోయారు కృష్ణమోహన్ గారు. మైత్రి మొహం చూసి గబగబా కళ్ళజోడు తుడుచుకోవడం మొదలెట్టారు. "ఏం లేదు. కాఫీ పెట్టు."

ఆండాళ్ గారు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. ఇంత ప్రేమ పెట్టుకుని ఈ పెద్దమనిషి ఏడాదిగా లెక్కల వెనక దాక్కున్నాడా అనిపించి మైత్రికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"వెళ్ళిపోతానంకుల్. జట్టైనా నిలబడుతుంది."

"కూర్చో. మేనేజరువి నువ్వా, నేనా? గోల్ లేకుండా సీజన్ గడిపితే పాయింట్లు తగ్గుతాయి. ఆఖరి మ్యాచ్ సమంగా ముగించినా చాలు, మనం అడుగున ఉండం. కాబట్టి నువ్వు ఎప్పట్లాగే చెత్తగా ఆడు. మళ్ళీ చవకైపోతావు, వినీత్ తిరిగొస్తాడు. దీన్నే లాంగ్ టర్మ్ ప్లానింగ్ అంటారు."

"చెత్తగా ఆడటానికి కష్టపడక్కర్లేదంకుల్" అంది మైత్రి కళ్ళు తుడుచుకుంటూ.

ఆఖరి మ్యాచ్ గద్దలతోనే పడింది. వినీత్ రెండు గోల్స్ కొట్టాడు. కొంగలు కిందా మీదా పడి రెండు సమం చేశారు. ఇంకొద్ది క్షణాల్లో ఆట అయిపోతుంది. సమంగా ముగిస్తే చాలు, జట్టు బతికిపోతుంది. అప్పుడు మూలలో జరిగిన తోపులాటలోంచి బిళ్ళ జారుకుంటూ వచ్చి మైత్రి కర్ర ముందు ఆగింది. గద్దల గోల్‌కీపరు అప్పటికే పల్టీ కొట్టి పడున్నాడు. ఎదురుగా ఖాళీ గోల్.

మైత్రి కొయ్యబారిపోయింది. కొడితే గెలుపు గోల్. అంటే ఇంకో రెండు పాయింట్లు. ఆగడం రాని మైత్రి, వినీత్‌తో సమానంగా ఐదు పాయింట్ల మనిషి అయిపోతుంది. అలాంటిదాన్ని ఉంచుకోవడం ఏ వెర్రిబాగులవాడికీ సాధ్యం కాదు. బెంచీకేసి చూసింది. కృష్ణమోహన్ గారు రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నారు. పెదవులు లెక్కలు గొణుగుతున్నాయి. ఉన్నట్టుండి ఆయన చేతులు విదిలించుకుని బెంచీ మీదికెక్కారు.

"కొట్టు తల్లీ! క్యాప్ గంగలో కలవనీ! కొట్టు!"

మైత్రి కళ్ళు మూసుకుని కొట్టింది. కొట్టిన ఊపుకి వెల్లకిలా పడింది. బిళ్ళ నెమ్మదిగా, పెళ్ళికూతురు పీటల మీదికి వస్తున్నట్టు వెళ్ళి గీత దాటింది. రింకంతా ఆమె పేరే. ఆ అరుపుల్లో వినీత్ గొంతు కూడా ఉంది.

కొత్త సీజన్‌లో కొంగల జట్టు చూడాలి మీరు. అందులో ఐదు పాయింట్ల మనిషి మైత్రి ఒక్కతే. ఆమె కోసం మోకాలు నొప్పి డాక్టరు గారు సైతం బయటికి పోయారు. ఆయన చోట్లో వచ్చినవాడు మొన్ననే మొదటిసారి స్కేట్లు తొడిగాడు. వారం వారం చిత్తుగా ఓడిపోతున్నారు. ఓడినప్పుడల్లా రింక్ బయట రాజ్ ఆపి అడుగుతాడు, "ఇంత క్యాప్ తెలిసినవాడివి, ఐదు పాయింట్లు పోసి ఆ అమ్మాయిని ఎందుకు పెట్టుకున్నావయ్యా?" అని.

కృష్ణమోహన్ గారు వింత ప్రశ్న విన్నట్టు కళ్ళజోడు సవరించుకుని చూస్తారు.

"భలేవాడివే! స్టార్ ప్లేయర్‌ని ఎవరైనా వదులుకుంటారటయ్యా?"