లేని చెయ్యి కొట్టిన దెబ్బ

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. బిలాస్‌పూర్ యార్డులో ఏళ్ల తరబడి డ్యూటీ చేసినవాణ్ణి. పట్టాల మీద తెగిపడ్డ మనుషుల్ని గోనెసంచిలోకెత్తి, చేతులు కడుక్కుని, అక్కడే కూచుని టిఫిన్ డబ్బా ఖాళీ చేసినవాణ్ణి. వాళ్లలో ఒక్కడూ లేచొచ్చి "నా కాలేదిరా" అని నన్నడగలేదు. అందుకే ఇప్పుడు చెప్పేది నమ్మమని ఎవర్నీ బతిమాలను. జరిగింది చెప్తాను, అంతే.

ముందు మా అన్నయ్య అప్పలస్వామి గురించి చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు. తాతల నాడే రైల్వే పనికని ఇటొచ్చేశాం. అమ్మానాన్నా తొందరగా పోతే అన్నయ్యే నన్ను పెంచాడు. పెంచడమంటే కొట్టడమే. అన్నం వదిలేస్తే దెబ్బ, బడి ఎగ్గొడితే దెబ్బ, జ్వరమొచ్చి మాత్ర మింగనంటే దెబ్బ. దగ్గరకు తీసుకుని ఒక్క ముద్దుమాట ఆడిన పాపాన పోలేదు. కుడిచేతి వేలికి ఉంగరం ఉండేది. రాయి ఎప్పుడో ఊడిపోయి, నలుచదరపు గూడు మాత్రం మిగిలింది. ఆ చెయ్యి పడితే చెంప మీద చదరంగా అచ్చు దిగేది. బడిలో పిల్లలు "ఏట్రా, ఇవాళ కూడా ముద్ర పడిందా" అని ఏడిపించేవారు.

ఆ చెయ్యే పోయింది. ఎనభైల్లో, వానల రోజుల్లో, వ్యాగన్లు తగిలిస్తుంటే, పెట్టెలు ఒకదానికొకటి ఆనే రెండు బఫర్ల మధ్య ఇరుక్కుంది. నేను పక్క లైన్లోనే ఉన్నాను. ఎముక నలిగిన చప్పుడు నా చెవులారా విన్నాను. అన్నయ్య కేక కూడా పెట్టలేదు. "ఇంజన్ని ఎనక్కి తియ్యమనరా" అన్నాడు, అంతే, పడిపోయాడు. పెట్టె మీదికి చిమ్మిన రక్తం ఆ వానకి కూడా పోలేదు.

ఆసుపత్రిలో మోచేతి దాకా తీసేసి, తీసిందాన్ని గుడ్డలో చుట్టి మా చేతికే ఇచ్చారు. వదిన ఆ చేతి వేలికున్న ఉంగరం తీసి పుస్తెలతాడుకి కట్టుకుంది. నేనూ ఇంకో ఇద్దరూ ఊరవతల తోర్వా వైపు అరపా నది ఒడ్డున గొయ్యి తవ్వి, ఉప్పు పోసి దాన్ని పాతిపెట్టాం. మట్టి నేనే కప్పాను. ఆ చెయ్యి ఎక్కడుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

తర్వాత కొన్నేళ్లకి, తొంభైల మొదట్లో, నేనూ నా భార్య పద్మా నేపాలూ భూటానూ చూసొద్దామనుకున్నాం.

మా రైల్వే ఇళ్లలో ఒక పద్ధతుంది. ఏ ఊరెళ్లాలన్నా ఎంత దూరమని అడగరు, రైల్వే ఇచ్చే ఉచిత పాసు ఎందాకా వస్తుందని అడుగుతారు. పాసు ఆగినచోట మా లోకం ఆగిపోతుంది. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాణ్ణి చూసి అయ్యో పాపం అనుకుంటాం. నాకు పాసు నేపాల్ సరిహద్దులో ఉన్న రక్సౌల్ దాకా, రానూ పోనూ వచ్చింది. అక్కణ్ణుంచి కాఠ్మండూకి బస్సు ఎలాగూ తప్పదు. చిక్కంతా కాఠ్మండూ నుంచి భూటాన్ గుమ్మంలో ఉన్న ఫుంట్‌షోలింగ్‌కి ఎలా వెళ్లాలన్నదే. విమానం మాట ఎత్తకూడదు. జీపు మాట్లాడుకుంటే పద్మ గాజులమ్మాలి. రక్సౌల్ దిగొచ్చి రైళ్లు మారుకుంటూ వెళ్తే సెలవంతా రైల్లోనే తెల్లారిపోతుంది. మిగిలింది మామూలు బస్సు: కొండలు దిగి నేపాల్ తూర్పు కొసకి ఒకటి, అక్కణ్ణుంచి అవతలికి ఇంకోటి. చవకా, దగ్గరా. నేను బస్సే అన్నాను.

అన్నయ్య ససేమిరా అన్నాడు. "పాసు లేనికాడ నీకేటి పనిరా? పశుపతినాథుడికి దణ్ణమెట్టీసి, రక్సౌల్ దిగి తిన్నగా ఇంటికొచ్చీ."

"సెలవెట్టీసినాను. ఎల్తాను అన్నయ్యా."

ఆయన మొహం కందగడ్డయింది. అలవాటు కొద్దీ ఆ మోడు చెయ్యి పైకి లేచింది. ఖాళీ చొక్కా చెయ్యి నా మొహం ముందు ఊగింది. "ఈ సెయ్యుంటేనా, నీ పళ్లు రాలగొట్టీవోణ్ణి" అన్నాడు. వదినా పద్మా ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి ఆయనకీ నవ్వాగలేదు.

వెళ్లాం. దర్శనం బాగా జరిగింది. మంగళవారం మధ్యాహ్నం కాఠ్మండూ బస్టాండుకొచ్చాం. పట్టపగలు, చుర్రుమనే ఎండ. నేను తాగి లేను.

బస్సు ఆగీ ఆగకుండానే జనం తలుపు మీద పడ్డారు. మనకో అలవాటుంది కదా, కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు మనదే. వేశాను. తువ్వాలు తిరిగొచ్చి నా మొహాన పడింది. లోపల ఎవడో ఉన్నాడనుకుని మళ్లీ వేశాను. ఈసారి ఉండ చుట్టి విసిరినట్టు రొమ్ముకి తగిలింది. నాకు తిక్కరేగింది. అమ్మనా బూతులు తిడుతూ కిటికీ అంచు పట్టుకుని పైకి పాకి తల లోపల పెట్టాను.

ఆ సీట్లో ఎవరూ లేరు. పక్క సీట్లోనూ లేరు. అందరూ ఇంకా తలుపు దగ్గరే కుమ్ములాడుకుంటున్నారు. అప్పుడు పడింది దెబ్బ.

ఎడమ చెంప మీద, బిగించిన పిడికిలి. ముందు మెటికలు, వాటితోపాటే గట్టిగా ఇనపముక్కలాంటిది. పన్ను పుటుక్కున విరిగి నాలుక మీద పడింది. నోరంతా రక్తం. నేను తేరుకునేలోపే రెండోది ముక్కు మీద పడింది. కిటికీలోంచి వెల్లకిలా కిందకొచ్చి పడ్డాను. దెబ్బలు తిని పెరిగినవాడికి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది అది ఎవరి చెయ్యో. నాకు తెలిసింది. తెలిసినా ఒప్పుకోలేదు.

"మీ తల ఎవరో గుద్దినట్టే ఇటు తిరిగిపోయింది, సీట్లో మాత్రం నరపురుగు లేదు" అని పద్మ ఇవాళ్టికీ అంటుంది.

నా ఒళ్లు నాకు తెలీలేదు. లేచి తలుపు దగ్గరకురికి, ఎదురుగా కనబడ్డవాణ్ణి మూతి మీద గుద్దాను. వాడు ఆ బస్సు క్లీనరు. పాపం, ఏ పాపమూ ఎరగడు. పెదవి చీలి రక్తం కారింది. ఇంకేముంది, చుట్టుపక్కల బస్సులవాళ్లంతా వచ్చి పడ్డారు. బూటుకాళ్లతో డొక్కలో తన్నారు. ఒకడు టైరు విప్పే రాడ్డుతో వీపు మీద బాదాడు. ఇంకొకడు జుట్టు పట్టుకుని నా నుదురు బస్సు మెట్టుకేసి కొట్టాడు. పద్మ నా మీద బోర్లా పడి "మార్ డాలోగే క్యా, చంపేస్తారా!" అని అరుస్తుంటే ఆమె భుజం మీదా తన్నారు. ఆ తొక్కుడులో నా నడుముకున్న డబ్బుల సంచీ ఎవడో లాగేశాడు. డ్రైవరు హారన్ కొడితే అప్పుడు వదిలి బస్సెక్కారు. బస్సు మా మొహాన పొగ వదిలి వెళ్లిపోయింది.

ఇక భూటాన్ ఏమిటి, నా బొంద! పద్మ చీరకొంగున ముడేసుకున్న డబ్బుతో రక్సౌల్ చేరాం. అక్కణ్ణుంచి పాసుంది. వాచిన మొహంతో, ఊపిరి పీలిస్తే పొడిచే పక్కటెముకలతో రైళ్లు మారుకుంటూ వచ్చాం. బిలాస్‌పూర్ ఇంకాస్త దూరముందనగా కర్గీ రోడ్ స్టేషన్లో బండి ఆగితే మా కాలనీ గార్డు ఒకాయన కిటికీ దగ్గర నన్ను పోల్చుకున్నాడు. "అచ్ఛా, నీకు కబురందిందన్నమాట. తొందరగా ఎల్లు, మీ అన్నకి గుండె పట్టీసింది" అన్నాడు. నాకే కబురూ అందలేదు.

స్టేషన్నుంచి తిన్నగా రైల్వే ఆసుపత్రికి పరిగెత్తాను. వరండాలో వదిన నన్ను చూసి గొల్లుమంది. "ఎక్కడికని తంతి కొట్టమంటావు నాయినా? ఏ దేశంలో ఉన్నారో, ఏ బస్సెక్కినారో! సోమారం నుంచీ నీ పేరే."

కాస్త తెప్పరిల్లాక చెప్పింది. "మంగళారం మద్దినం ఉన్నట్టుండి లేచి కూకున్నాడు. మోడు సెయ్యి ఇసిరినాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. లేని సెయ్యి మండిపోతంది, నీళ్లొయ్యే అన్నాడు. పోసినాను. దెబ్బ తగిలింది, ఇంక వొచ్చెస్తాడు అని తొంగున్నాడు."

అప్పుడు చూసింది నా చెంప. పుస్తెలతాడు బయటికి లాగి, ఉంగరం గూడుని నా చెంప మీది చదరపు మచ్చకి ఆనించింది. సరిగ్గా పట్టింది.

డాక్టరు ఏమన్నాడో కూడా చెప్తాను. చెయ్యి పోయినవాళ్లకి లేని చేతిలో నొప్పి రావడం మామూలే అన్నాడు. నన్ను తన్నినవాళ్లలో ఎవడి వేలికో అలాంటి ఉంగరం ఉండుండొచ్చు అన్నాడు. ఉండుండొచ్చు, నేను కాదనను. అన్నయ్య ఏ పీడకలో కన్నాడనుకున్నా నాకభ్యంతరం లేదు.

కానీ నేను లోపలికెళ్లి మంచం పక్కన నిలబడితే, ఆయన కళ్లు తెరిచి నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది. "పన్ను రాలిందేట్రా?"

అప్పటికి నేను నోరు తెరవలేదు. పెదాలు వాచి మూసుకునే ఉన్నాయి.

"రాలింది అన్నయ్యా."

"నొప్పెడతందా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆయన నన్నడగడం అదే మొదలు. నేను భోరుమన్నాను. ఎడమచేత్తో నా తల పట్టుకుని గుండెకానించుకున్నాడు. మర్నాడు పొద్దెక్కాక, నేను పోసిన నీళ్లు రెండు గుక్కలు తాగి పోయాడు.

ఇది విన్నవాళ్లంతా ఆత్రంగా ఒకటే అడుగుతారు, ఆ బస్సు లోయలో పడిందా అని. పడలేదు. తోర్వాలో కాపలా కాసే నేపాలీ అతను ఊరెళ్తుంటే పనిగట్టుకుని కనుక్కోమన్నాను. ఆ వారంలో ఆ దారిన ఏ బస్సూ పడలేదు, ఎవరికీ గీత కూడా పడలేదు. మేమెక్కి ఉంటే హాయిగా భూటాన్ చేరి, కొండలు చూస్తూ వేరుశనక్కాయలు తింటూ ఉండేవాళ్లం. ఇక్కడ అన్నయ్య తలుపు వైపు చూస్తూ పోయేవాడు.

బస్సు పడిపోయుంటే, అన్నయ్య మమ్మల్ని కాపాడాడని ఏదో ఒకటి సరిపెట్టుకునేవాణ్ణి. ఆయనకి కావలసింది నేను ఇంటికి రావడం. ఉప్పు పోసి నేనే పాతిన చెయ్యి అన్ని ఊళ్లు దాటి అక్కడికెలా వచ్చిందో మాత్రం నన్నడక్కండి, నాకు తెలీదు.

ఆ పన్ను కట్టించుకోమని పద్మ ఇప్పటికీ పోరుతూనే ఉంటుంది. నేను కట్టించుకోలేదు.