స్లాబు కింద కుర్చీ

స్లాబు పోసే రోజు సైటులో రెండు వాసనలు కలుస్తాయి. ఒకటి తడి సిమెంటుది, రెండోది వెనక పొయ్యి మీద ఉడికే మేకకూరది. ఇవాళ కొత్తకోటలో ఆ రెండూ కలిసి ముక్కుకు తగలగానే శకుంతల మేడం గుర్తుకొచ్చింది.

చౌటుప్పల్‌లో నేను కొత్తగా ఇంజనీరుగా చేరినప్పుడు ఆమె మా సేఫ్టీ ఆఫీసర్. మహబూబ్‌నగర్ మనిషి, గొంతు పెద్దది. హెల్మెట్ లేకుండా ఎవరైనా కనబడితే "తలకాయ ఇంట్ల పెట్టొచ్చినవా?" అని అందరి ముందే కడిగేసేది. అబ్బో, మాకందరికీ ఆమె అంటే హడల్!

అక్కడ ఒక సేటుకు ఫంక్షన్ హాలు కడుతున్నాం. స్లాబు రోజు ముహూర్తం పెట్టుకుని, చుట్టాలందరినీ దావత్‌కు పిలిచాడు. రాత్రి కురిసిన వానకు నేల మెత్తబడి, స్లాబును మోసే సెంట్రింగ్ కర్రలు మట్టిలోకి దిగుతున్నాయి. పోత సాగినంతసేపూ వాటిని కనిపెట్టుకుంటూ కింద నిలబడాల్సినవాడు, కేకలతో సైటంతా మోగించే యాదయ్య అనే కూలీ. మేడం మిక్సర్ ఆపించింది.

"ముహూర్తం దాటిపోతాంది మేడం! ఏమన్నయితే నా జిమ్మేదారి!" సేటు అరిచాడు.

మేడం అతని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, యాదయ్య నిలబడే చోటే వేసింది.

"గట్లనే సేటూ. పోత అయ్యేదాంక జర గీడ కూసోండ్రి. పోత కాయితం మీద నేనిప్పుడే సంతకం పెడత."

సేటు కుర్చీని చూశాడు, పైకి చూశాడు. చుట్టాలంతా అతన్నే చూస్తున్నారు. కూర్చోలేదు. పని వాయిదా పడింది.

"కూర మాత్రం ఆగం చెయ్యకుండ్రి, అందరికి పెట్టుండ్రి," అని మేడం నీళ్ల ట్యాంకర్ వెనక్కి వెళ్లింది. నేనూ వెళ్లాను.

"భయం కాలేదా మేడం?"

"కాకుండ ఉంటదా బిడ్డా?" ట్యాంకర్ కుళాయి తిప్పి దోసిట నీళ్లు తాగింది. "నౌకరి పోతదేమోనని నోరెండుకపోయింది. గాని యాదయ్య మొఖం చూసినంక ఊకోబుద్ది కాలే."

మట్టి గట్టిపరిచి, కర్రల కింద పలకలు వేసి, ఇంకో ముహూర్తానికి స్లాబు పోశాం. చుక్క కారలేదు. సేటు నవ్వాడు: "ఏం కాలే గదా! ఉత్తగనే పరేషాన్ జేసినవ్."

"ఏం కావద్దనే గదా సేటూ!"

కొద్దిరోజులకే ఆమెను పనిలోంచి తీసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. జరగని ప్రమాదానికి ఎవరు శాలువా కప్పుతారు? బస్సు ఎక్కించడానికి వచ్చింది నేనూ, యాదయ్యా. ఆ తర్వాత ఆమె ఎక్కడుందో తెలియలేదు. ఆ బెంగ ఇప్పటికీ తీరలేదు.

ఈ పొద్దున ఇక్కడి యజమాని తొందరపెడితే నేనూ కుర్చీ తెప్పించాను. నాకూ భయమేసింది. దాచుకోలేదు. కర్రలు సరిచేశాకే పోత మొదలైంది.

ఇప్పుడు పని ముగిసింది. మా సెంట్రింగ్ మేస్త్రి నల్లిబొక్క చీకుతూ, కూరలో ఉప్పు తక్కువైందని వంటవాళ్ల మీద కేకలేస్తున్నాడు. జుట్టంతా నెరిసింది గానీ, యాదయ్య గొంతు మాత్రం ఏమీ తగ్గలేదు.