ముడి లేని తాడు

మొగుడు పోయాక తెడ్లు పట్టిన నోరీన్, మా మెకెంజీ నదిలో జనాన్ని ట్రౌట్ చేపల వేటకు తీసుకెళ్తుంది. ఆమె పడవలో లంగరు తాడు కొసకు, అది కప్పీలోంచి జారిపోకుండా ఆపే ముడి ఉండదు.

"జారిందంటే లంగరు పోయినట్టే! ఇదేం తెలివమ్మా?" అని పొద్దునే వెక్కిరించాడు నాతోపాటు వేటకొచ్చిన క్లిఫర్డ్. ఆమె తెడ్లు అందుకుంది.

నీళ్లు ఉరకలేసే చోట అతని గాలానికి పెద్ద చేప పడింది. రీలు కీచుమంటోంది.

"పడవ ఆపు!"

"ఇక్కడ లంగరేస్తే మునుగుతాం. ముట్టుకోకు!"

ఆ మొండిఘటం వింటేనా? వెనక సీట్లోంచే లంగరు వదిలి, తాడు కొక్కేనికి బిగించాడు. లంగరు రాళ్లలో ఇరుక్కుంది. పడవ వెనక భాగం కుంగింది, అటునుంచి నీళ్లు లోపలికి దూకి ముందు కూర్చున్న నా కాళ్లదాకా వచ్చాయి. నోరీన్ వెనక్కి దూకి కొక్కెం నుంచి తాడు విప్పింది. తాడు కొసతో సహా కప్పీలోంచి సర్రున జారిపోయింది. పడవ తేలింది.

ఒడ్డుకు చేరాక క్లిఫర్డ్ అడిగాడు. "ముడి ఉండుంటే?"

"మా ఆయన పడవకి ఉండేది," అంది నోరీన్, నీళ్లు తోడిపోస్తూ.